ఎన్నాళ్ళని ఆ ఊళ్లో చుట్టాల్లా ఉంటారు?

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఖమ్మం. మూడేళ్ళ కిందట అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ అనే చిన్న ఊరికి వచ్చాం. మావారు ఇంజిన్ల కంపెనీలో ఇంజినీరు. నాది హెచ్-4 వీసా, అంటే ఆయన మీద ఆధారపడి వచ్చినవాళ్ళకి ఇచ్చేది, ఉద్యోగం చేసే వీల్లేదు. బాబు నాలుగో తరగతి. ఇక్కడివాళ్ళకి వాళ్ళ ఊరంటే ప్రాణం. చర్చిలు, లైబ్రరీ, ఆఖరికి ఫైర్ స్టేషన్ కూడా బయటివాళ్ళకి చూపించి మురిసిపోతారు. మా పక్కింటావిడ రిటైరైన టీచరు. లైబ్రరీలో పాత పుస్తకాల అమ్మకం ఉంది, సాయానికి రమ్మని ఎన్నిసార్లో అడిగారు. బాబుని 4-హెచ్ అనే పిల్లల క్లబ్బులో చేర్చమని కూడా అంటారు. వాడేమో మేకపిల్లని పెంచుతానని ఒకటే గొడవ. మావారు ఒప్పుకోవడం లేదు. "వీసా మీద ఉన్నవాళ్ళం. రేపు ఉద్యోగం పోతే పెట్టె సర్దుకుని వెళ్ళిపోవాలి. వాళ్ళ ఊరి పనులు మనకెందుకు, లేనిపోని టెన్షన్" అంటారు. శనివారం వస్తే ఇండియానాపోలిస్ వెళ్ళిపోతాం. గుడి, సరుకులు, తెలుగువాళ్ళ ఇళ్ళలో పుట్టినరోజులు, దానితో సరి. ఈ ఊరివాళ్ళు మమ్మల్ని తలుచుకునేది అక్టోబరులో రకరకాల దేశాలవాళ్ళ పండగ ఎథ్నిక్ ఎక్స్‌పో వచ్చినప్పుడే, ఇండియా స్టాల్లో సమోసాలు పెట్టమని. పెరేడ్‌లో అందరితో పాటు నేనూ చప్పట్లు కొడతాను కానీ పిలవని పేరంటానికి వెళ్ళినట్టు ఉంటుంది. మొన్న బాబు స్కూల్లో "మా ఊరు" అని కొలంబస్ బొమ్మ గీసుకొచ్చాడు. మావారు చూసి "మన ఊరు ఖమ్మంరా" అన్నారు. వాడు ఏడుస్తూ పడుకున్నాడు. నేను ఈ ఊరి పనుల్లో చేరాలా, వద్దా? చేరితే వీసాకి ఏమైనా ఇబ్బందా?
– ఎస్., కొలంబస్, ఇండియానా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నా మనసుకి అన్నిటికన్నా ఎక్కువగా పట్టింది మీ బాబు గీసిన బొమ్మ. ముందు ఆ సంగతి తేల్చుకుందాం, మిగతావి తర్వాత.

నాలుగో తరగతి పిల్లాడు రోజూ వెళ్ళే బడిని, ఆడుకునే పార్కుని "మా ఊరు" అనుకున్నాడు. అందులో వాడి తప్పేమీ లేదు. వాడికి ఖమ్మం అంటే తాతయ్య వాళ్ళ ఊరు, సెలవుల్లో వెళ్ళే ఊరు. వాళ్ళ నాన్నకి అదే పుట్టి పెరిగిన ఊరు, కాబట్టి ఆ మాట గుచ్చుకుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ పెద్దవాళ్ళ దిగులు తీర్చే బరువు పిల్లాడి నెత్తిన పెట్టకూడదు కదా. ఒక మనిషికి రెండు ఊళ్ళుంటే నష్టమేం లేదని వాడికి నాన్న నోటితోనే చెప్పించండి. మీరు చెబితే వాడికి సగమే ఊరట. ఆ బొమ్మని ఫ్రిజ్ మీద అంటించే పని కూడా ఆయనకే అప్పగించండి.

ఇక మీ ప్రశ్నకి. చేరండి. ఏ పనిలో చేరాలో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో వివరంగా రాస్తాను. కానీ అంతకంటే ముందు, ఆ ఊరి గర్వం గురించి మీకు ఎవరూ చెప్పి ఉండని సంగతి ఒకటి ఉంది.

వాళ్ళు అంత మురిపెంగా చూపించేవాటిని ఎవరు కట్టారో చూడండి. డౌన్‌టౌన్‌లో ఐదో వీధిలో నిలబడితే ఒక పక్క ఫస్ట్ క్రిస్టియన్ చర్చి, దాని ఎదురుగా లైబ్రరీ. ఆ చర్చి 1942 నాటిది. దాన్ని డిజైన్ చేసిన ఎలియెల్ సారినెన్ ఫిన్‌లాండ్‌లో పుట్టి, యాభై దాకా వచ్చాక అమెరికాకి వలస వచ్చిన మనిషి. ఆయన కొడుకు ఈరో సారినెన్ పన్నెండు, పదమూడేళ్ళ పిల్లాడిగా 1923లో ఓడ దిగాడు. తర్వాత అదే ఊళ్లో 1954లో బ్యాంకు కట్టాడు, ఇంజిన్ల కంపెనీ పెద్ద మిల్లర్ గారి ఇల్లు కట్టాడు, ఆకాశంలోకి సూదిలా 192 అడుగులు లేచే శిఖరంతో నార్త్ క్రిస్టియన్ చర్చి గీశాడు. లైబ్రరీ 1969లో పూర్తయింది, దాన్ని గీసిన ఐ. ఎమ్. పెయ్ చైనాలో పుట్టి చదువుకోవడానికి అమెరికా వచ్చినవాడు. లైబ్రరీ ముందు ఆకుపచ్చగా మెరిసే పెద్ద కంచు తోరణం ఇంగ్లండ్ శిల్పి హెన్రీ మూర్‌ది. మీరు బాబుని ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్ళే ఉంటారు, వాషింగ్టన్ స్ట్రీట్‌లోని జహరాకోస్‌కి. 1900లో దాన్ని తెరిచింది గ్రీసు నుంచి వచ్చిన అన్నదమ్ములు. నూట పాతికేళ్ళు గడిచేసరికి వాళ్ళ పేరు ఆ ఊరి పేరులో కలిసిపోయింది. ఆ అన్నదమ్ముల్ని కూడా మొదట్లో "ఎక్కడి నుంచి వచ్చారు?" అని అడగకుండా ఉండి ఉంటారా?

అంటే ఆ ఊరి గొప్ప అక్కడ పుట్టినవాళ్ళ సొత్తేమీ కాదమ్మా. వచ్చినవాళ్ళు, ఉన్నవాళ్ళు కలిసి చేసుకున్నది. చప్పట్లు కొట్టడానికి మీకు మొహమాటం అక్కర్లేదు.

అసలు ఆ గర్వం ఎలా పుట్టిందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మీ వారి ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికా అంతటా పిల్లలు ఎక్కువయ్యారు, బడులు చాల్లేదు. అన్ని ఊళ్ళలాగే కొలంబస్‌లో కూడా హడావుడిగా చవకబారు బడులు లేచే పరిస్థితి వచ్చింది. కమిన్స్ ఇంజిన్ కంపెనీ 1919 నుంచి ఆ ఊళ్లోనే ఉంది. దాని పెద్ద జె. ఇర్విన్ మిల్లర్ ఒక ప్రతిపాదన పెట్టాడు: మేమిచ్చే జాబితాలోంచి మంచి ఆర్కిటెక్ట్‌ని స్కూల్ బోర్డు ఎంచుకుంటే, ఆ ఆర్కిటెక్ట్ ఫీజు మా కంపెనీ ఫౌండేషన్ కడుతుంది. గమనించండి, ఇస్తానన్నది ఫీజు మాత్రమే. కట్టడం ఖర్చు ఊరివాళ్ళ పన్నుల్లోంచి రావాలి, ఎంపిక ఊరి బోర్డు చేయాలి. అలా మొదటి బడి 1957లో తెరిచారు, హ్యారీ వీస్ డిజైన్‌తో. తర్వాత ఆ ఏర్పాటు మిగతా ప్రభుత్వ కట్టడాలకీ పాకింది. ఫైర్ స్టేషన్‌కి రాబర్ట్ వెంచూరి లాంటి ఆర్కిటెక్ట్ రావడం అందుకే. యాభై వేల జనాభా ఉన్న ఊరు, ఆర్కిటెక్చర్ మాట వస్తే షికాగో, న్యూయార్క్‌ల పక్కన నిలబడింది.

ఇదంతా ఒక డబ్బున్నాయన దయ అనుకుంటే పొరపాటే. డబ్బున్నాయన మంచి మాట చెప్పాడు సరే, దానికి ఒప్పుకుని పన్నులు కట్టి, సాయంత్రాలు మీటింగుల్లో కూర్చుని, ఆ తర్వాత డెబ్భై ఏళ్ళుగా వాటిని కాపాడుకుంటూ వస్తున్నది మామూలు జనం. కాపాడుకోవడమే అసలు కష్టం. ఆధునిక కట్టడాల చదునైన పైకప్పులు కారతాయి. ఇటుకలు చెదురుతాయి. ఫస్ట్ క్రిస్టియన్ చర్చి టవర్ పాడైపోతే చందాలు, గ్రాంట్లు పోగుచేసి బాగుచేయించుకున్నారు. నార్త్ క్రిస్టియన్ చర్చిలో సభ్యులు తగ్గిపోయి ప్రార్థనలే ఆగిపోయినప్పుడు, ఆ కట్టడం పాడుపడకుండా కౌంటీ లైబ్రరీ దాన్ని తీసుకుంది. 2008 జూన్‌లో హా క్రీక్ అనే వాగు పొంగి ఆసుపత్రిలోకి నీళ్ళొస్తే రోగులందరినీ బయటికి తరలించాల్సి వచ్చింది, ఆసుపత్రి కొన్ని నెలలు మూతపడింది. మీ పక్కింటావిడని ఆ వరద గురించి అడగండి. అప్పుడు ఎవరింటికి ఎవరు వెళ్ళి బురద ఎత్తిపోశారో చెబుతారు. మీకు పైకి కనబడే మురిపెం వెనక ఉన్నది ఈ చాకిరీ. అందులో చేయి వేసినవాళ్ళకి ఆ గర్వం వద్దన్నా వస్తుంది, వేయనివాళ్ళు ఎన్నేళ్ళున్నా చుట్టాల్లాగే ఉంటారు.

మన దగ్గర మాత్రం వేరే ఉందా? శ్రీరామనవమి పందిరికి రాటలు పాతినవాణ్ణి, వడపప్పు, పానకం పంచిపెట్టినవాణ్ణి, "నువ్వు ఈ ఊళ్లో పుట్టావా?" అని ఎవరడిగారు?

ఇప్పుడు మీ వారి భయం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి, ఆయన ఊరికే అనడం లేదు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే మహా అయితే అరవై రోజుల గడువు. మనవాళ్ళ గ్రీన్ కార్డు లైను దశాబ్దాల మాట. ఆ బరువు రోజూ మోసే మనిషికి "ఊరి కోసం ఏదైనా చేద్దాం" అంటే చికాకు రావడం సహజం. కానీ ఆయన లెక్కలో ఒకటి తప్పింది. గ్రీన్ కార్డు వచ్చాక బతకడం మొదలుపెడదాం అనుకుంటే అప్పటికి బాబు కాలేజీకి వెళ్ళిపోతాడు. ఆ ఊళ్లో వాడి చిన్నతనం ఒక్కసారే గడుస్తుంది. రేపు నిజంగానే వెళ్ళిపోవాల్సి వచ్చినా, పలకరించేవాళ్ళున్న ఊరి నుంచి వెళ్ళడానికీ, ఎవరికీ తెలియకుండా ఖాళీ చేయడానికీ చాలా తేడా ఉంది. ఇంకో మాట, ఇది స్వార్థమే అనుకోండి: కష్టం వచ్చిన రోజున ఇంటి సామాను అమ్మి పెట్టడానికి, పిల్లాణ్ణి ఒక పూట ఉంచుకోవడానికి పక్కింటివాళ్ళే కావాలి. ఇండియానాపోలిస్ స్నేహితులు ఎంత మంచివాళ్ళయినా నలభై అయిదు మైళ్ళ అవతల ఉంటారు.

వీసా సంగతి జాగ్రత్తగా చదవండి, ఆయనకీ చదివి వినిపించండి. లాభాపేక్ష లేని సంస్థలో, లైబ్రరీలో, బడిలో, మామూలుగా వాలంటీర్లే చేసే పనిని డబ్బు తీసుకోకుండా చేయడానికి హెచ్-4 అడ్డు కాదు. జీతం ఇచ్చి చేయించుకోవలసిన పనిని మీచేత ఉచితంగా చేయిస్తుంటే అక్కడ ఆగండి. వాలంటీరుకి గౌరవంగా ఇస్తున్నామని గిఫ్ట్ కార్డో, చిన్న మొత్తమో ఇవ్వబోతే కృతజ్ఞతలు చెప్పి వద్దనండి. ఏదైనా అనుమానంగా ఉంటే కంపెనీ తరఫున మీ వీసా చూసే లాయర్‌ని ఒక్క ఈమెయిల్‌తో అడిగేయడం మంచిది.

అసలు ప్రమాదం మీరు ఊహించని చోట ఉంది. ఫెయిర్‌లోనో, పెరేడ్‌లోనో ఒక బల్ల దగ్గర నవ్వుతూ నిలబడి "ఓటరుగా రిజిస్టర్ చేసుకున్నారా?" అని అడుగుతారు. వాళ్ళకి మీరు పౌరులు కాదని తెలియదు. మొహమాటానికి పోయి ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు. డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్ ఫారంలో కూడా ఓటరు నమోదు గురించి ప్రశ్న ఉంటుంది, చూసుకుని వద్దు అన్నచోటే టిక్ చేయండి. పౌరులమని తప్పుగా చెబితే గ్రీన్ కార్డుకే ఎసరు వస్తుంది, దేశం నుంచి పంపేయడానికి కూడా అది కారణమవుతుంది. పొరపాటున జ్యూరీ డ్యూటీకి, అంటే కోర్టు కేసులో తీర్పు చెప్పే పౌరుల్లో ఒకరిగా రమ్మని, ఉత్తరం వస్తే కంగారు పడకుండా పౌరులం కాదని రాసి తిప్పి పంపండి. మేయర్ ఎన్నికకైనా, స్కూల్ బోర్డుకైనా అభ్యర్థులకి చందా ఇవ్వకండి, గ్రీన్ కార్డు లేనివాళ్ళు ఇవ్వడం చట్టవిరుద్ధం. ఈ మూడు నాలుగు గీతలు దాటకపోతే చాలు. సిటీ కౌన్సిల్ మీటింగుకి వెళ్ళి వెనక వరసలో కూర్చుని వినడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇండియానాలో అలాంటి మీటింగులు జనానికి తెరిచి ఉంచాలని చట్టమే ఉంది. ఒకసారి మీ వారిని తీసుకుని వెళ్ళండి. వీధి కాలువ గురించి, పార్కు బెంచీల గురించి గంటసేపు మాట్లాడుకునే మనుషుల్ని చూస్తే ఆయనకి కూడా ఆసక్తి పుడుతుందని నా నమ్మకం. ఇంజినీరు కదా, కాలువ దగ్గర తప్పకుండా పుడుతుంది.

ఇక ఏ పని ఎంచుకోవాలి? లైబ్రరీ పుస్తకాల అమ్మకమే. పక్కింటావిడ పదేపదే అడుగుతున్నారంటే మొహమాటం పిలుపు కాదు, ఆమెకి నిజంగానే మనిషి కావాలి. అమెరికా లైబ్రరీల్లో ఈ పని ఎలా ఉంటుందో చెబుతాను, అప్పుడు మీకు బెరుకు పోతుంది. జనం అట్టపెట్టెల్లో పాత పుస్తకాలు తెచ్చి దించుతారు. ముందు వాసన చూడాలి. నేలమాళిగలో పడి బూజు పట్టినవి వెంటనే పక్కన పడేయాలి, లేకపోతే మిగతావాటికి అంటుకుంటుంది. పాత ఎన్‌సైక్లోపీడియాలు ఎవరూ కొనరు, అయినా తెచ్చి ఇచ్చేవాళ్ళ మనసు నొప్పించకుండా తీసుకోవాలి. వంట పుస్తకాలు ఒక బల్ల, పిల్లల పుస్తకాలు ఒక బల్ల, యుద్ధాల చరిత్ర ఒక బల్ల. పేజీల మధ్యలో పాత ఫోటోలు, ఉత్తరాలు, ఎండిన పువ్వులు దొరుకుతాయి, వాటిని వేరే కవర్లో పెడతారు. పెట్టె మీద పెట్టె మోస్తూ, అట్టలు తుడుస్తూ ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుని "మీ గురించి చెప్పండి" అంటే మన ఇంగ్లీషు తడబడుతుంది. చేతుల్లో పని ఉన్నప్పుడు అంత తడబాటు ఉండదు.

ఒక్కసారి వెళ్ళి వచ్చేస్తే ప్రయోజనం లేదు. నెలకి రెండు పూటలైనా సరే, ఫలానా రోజు ఫలానా గంటకి వస్తానని మాటిచ్చి నిలబెట్టుకోండి. నేను మీకు చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే: మీరు రాని రోజున "ఆవిడ ఏదీ, ఒంట్లో బాగుందా?" అని ఎవరో ఒకరు అడిగే చోటు ఆ ఊళ్లో ఒకటి ఉండాలి. పది కార్యక్రమాల్లో తలా ఒకసారి కనబడితే ఫోటోల్లో ఉంటారు, అంతే. ఒక్క పనికి బాధ్యత తీసుకుంటే తాళంచెవి మీ చేతికిస్తారు. ఆ పని శనివారం పడితే, ఇండియానాపోలిస్ ప్రయాణం నెలలో ఒక వారం ఆదివారానికి మార్చుకోండి. గుడికి ఏ రోజు వెళ్ళినా దేవుడు ఏమీ అనుకోడు.

అందరూ ప్రేమగా చూస్తారని మాత్రం చెప్పలేను. చిన్న ఊళ్ళలో కిండర్‌గార్టెన్ నుంచీ కలిసి పెరిగినవాళ్ళుంటారు. వాళ్ళు తమలో తాము నవ్వుకుంటారు, ఆ జోకు మనకి అందదు. మీ పేరు ఆరు నెలలైనా సరిగ్గా పలకలేనివాళ్ళుంటారు. ఇవి అవమానాలు కావు, అలవాట్లు. నిజంగా అవమానించేవాళ్ళు తగిలితే మాత్రం ఊరుకోకండి, ఆ ఊళ్లో మానవ హక్కుల కమిషన్ అని ఒకటి ఉంది, ఫిర్యాదు వింటుంది. రాజకీయాల సంగతి అంటారా, మాజీ ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ పుట్టిన ఊరు అదే. నల్లజాతివారి పౌరహక్కుల కోసం 1963లో వాషింగ్టన్‌లో జరిగిన మహా ప్రదర్శనకి చర్చిల తరఫున అండగా నిలిచిన ఇర్విన్ మిల్లర్ ఊరూ అదే. ఇంటి ముందు పెట్టుకున్న ఎన్నికల బోర్డు చూసి మనిషిని అంచనా వేయకండి. మీకు నచ్చని బోర్డు పెట్టుకున్నాయనే పుస్తకాల పెట్టె మోయడానికి ముందుకొస్తాడు.

మేకపిల్ల గురించి. 4-హెచ్ మంచిది, చేర్చండి. ఇండియానాలో దాన్ని పర్డ్యూ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ వాళ్ళు నడుపుతారు, మూడో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలు చేరవచ్చు. అందులో పశువులే కాదు, కూరగాయల పెంపకం, కుట్టుపని, ఫోటోలు, రాకెట్లు, వంట, ఇలా ఎన్నో ఉంటాయి. ఏడాదంతా చేసినదాన్ని వేసవిలో కౌంటీ ఫెయిర్‌లో పెడితే జడ్జీలు చూసి రిబ్బన్ ఇస్తారు. కానీ మేక అంటే ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఉంది. మాంసం కోసం పెంచే జంతువుల విభాగంలో చేరితే, పేరు పెట్టి, పాలు పట్టి, దువ్వి పెంచిన ఆ మేక చివర్లో వేలానికి పోతుంది. రైతు కుటుంబాల పిల్లలకే ఆ రోజు కళ్ళనీళ్ళు ఆగవు. మీ ఇంట్లో మాంసం తిన్నా తినకపోయినా, ఈ ముక్క బాబుకి ముందే నిజం చెప్పండి, తర్వాత తెలిస్తే మిమ్మల్ని క్షమించడు. పాడి మేకలకీ, పెంపుడు రకాలకీ వేరే విభాగాలుంటాయి, అవి వేలానికి వెళ్ళాల్సిన పని లేదు. కాలనీలో ఇంటి వెనక మేకని కట్టేయడానికి రూల్స్ ఒప్పుకోకపోవచ్చు కాబట్టి ఊరి బయట ఫారం ఉన్న కుటుంబంతో మాట్లాడుకోవాలి. మీ పక్కింటావిడకి అలాంటివాళ్ళు తెలిసే ఉంటారు. మొదటి ఏడాది వంకాయలతో, బెండకాయలతో మొదలుపెట్టించి, రెండో ఏడాది మేక మాట ఎత్తుదాం అని వాడితో ఒప్పందం చేసుకోండి. నాన్నని తోటపనిలో కలుపుకుంటే ఇంకా మంచిది. ఖమ్మం జిల్లా మనిషి, మట్టి చూస్తే ఊరుకోలేరు.

ఒక శనివారం ముగ్గురూ కలిసి ఊరు చూడండి, టూరిస్టుల్లా టికెట్ కొనుక్కుని. విజిటర్స్ సెంటర్ వాళ్ళు ఆర్కిటెక్చర్ టూర్లు తీసుకెళ్తారు. అయ్యాక కోర్టు హౌస్ పక్కనున్న యుద్ధవీరుల స్మారకానికి వెళ్ళండి. నలభై అడుగుల ఎత్తున్న సున్నపురాతి స్తంభాలు ఇరవై అయిదు, అయిదేసి చొప్పున అయిదు వరసల్లో నిలబడి ఉంటాయి. దూరం నుంచి ఒకే దిమ్మలా కనబడతాయి. వాటి మధ్యలోకి నడిస్తే రాతి మీద పేర్లు, ఆ కౌంటీ నుంచి యుద్ధానికి వెళ్ళి తిరిగి రానివాళ్ళవి, వాటితో పాటు వాళ్ళు ఇంటికి రాసిన ఉత్తరాల్లోని మాటలు చెక్కి ఉంటాయి. అమ్మకి రాసినవి, ఇంటి మీద బెంగతో రాసినవి. ఇంటికి దూరంగా ఉన్నవాడు అమ్మకి ఏం రాస్తాడో మీ వారికి ఎవరూ చెప్పక్కర్లేదు. అవి చదివేటప్పుడు ఆయన్ని తొందర పెట్టకండి.

చివరికి సమోసాల సంగతి. మీకు కష్టంగా ఉన్నది స్టాల్ వల్ల కాదు, స్టాల్ తప్ప ఇంకేదీ లేకపోవడం వల్ల. ఏడాదికి ఒకసారి పండగలో వింతగా చూపించే మనిషిలా నిలబడి మిగతా రోజులు ఎవరికీ అక్కర్లేకుండా ఉంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఎథ్నిక్ ఎక్స్‌పోని తప్పు పట్టకండి, 1980ల నుంచీ ఆ ఊరు వలస వచ్చినవాళ్ళ కోసం వీధులు మూసి మరీ చేసే పండగ అది. ఇన్ని చిన్న ఊళ్ళున్న అమెరికాలో అది తక్కువ విషయమేమీ కాదు. లైబ్రరీలో కుదురుకున్నాక అదే స్టాల్ వేరేలా ఉంటుంది, ఎందుకంటే వచ్చేవాళ్ళలో సగంమంది మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు. ఈసారి స్టాల్ కమిటీ ఫోన్ చేసినప్పుడు రెండు షరతులు పెట్టండి. సమోసాలతో పాటు మన వంటకం ఒకటి ఉండాలి, పునుగులైతే వేడివేడిగా తేలిగ్గా అమ్ముడుపోతాయి. రెండోది, తర్వాతి ఏడాది నుంచి వంట దగ్గరే కాకుండా ఏర్పాట్ల కమిటీలో కూడా మీకు చోటు కావాలని అడగండి. బల్లలు ఎక్కడ వేయాలి, చెత్తడబ్బాలు ఎన్ని కావాలి, పెరేడ్ ఏ వీధిలోంచి పోవాలి అని నిర్ణయించే కమిటీ అది. అడిగితే కాదనరు, ఆ పని చేయడానికి ఎప్పుడూ మనుషులు తక్కువే ఉంటారు. పక్కింటావిడకి మాత్రం రేపే వెళ్ళి, వస్తున్నానని చెప్పండి. ఆవిడ ఇచ్చిన గిన్నె ఏదైనా మీ ఇంట్లో ఉండిపోయి ఉంటే పులిహోర పెట్టి తిరిగి ఇవ్వండి, మిరపకాయలు కాస్త తగ్గించి.